ఆరు తొట్ల ఇల్లు

మా ఆవిడ బతికున్న రోజుల్లో తన అన్నగారి గురించి ఒక మాట అంటుండేది. "మా అన్నయ్య నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలండీ. తినేది లేకపోతే గొప్పలుంటాయి." అందుకని ఆయన మా ఇంటికి వస్తున్నారని తెలిస్తే చాలు, ముందే ఒక టాఫీల పొట్లం తెప్పించేది. పళ్ళకు అతుక్కుని ఒక పట్టాన వదలని రకం. బావగారు నోరు తెరవడం, ఆవిడ నవ్వుతూ ఒక టాఫీ అందించడం, ఆ తరవాత కాసేపు ఇల్లు ప్రశాంతంగా ఉండడం. ఆయనకు అది చెల్లెలి ప్రేమ అనిపించేది. ప్రేమ కాదని నేనూ అనను.

ఆవిడ పోయాక ఆ టాఫీల అవసరం మళ్ళీ ఇప్పుడొచ్చింది. బావగారి కూతురు, అంటే మా మేనకోడలు, ఫోన్ చేసింది.

"మామయ్యా, ఆదివారం నువ్వు రావాలి. అతనూ వాళ్ళమ్మగారూ వస్తున్నారు. ఆవిడ సరే అంటే పెళ్ళి, లేకపోతే లేదు."

"నీకు నచ్చినవాడే కదమ్మా, ఆవిడకేం అభ్యంతరం?"

"నా మీద ఏం లేదు. ఆవిడ ఒక్కటే చెప్పారట. ఆస్తి అడగను, చదువు అడగను, గొప్పలు చెప్పుకునే ఇంటితో మాత్రం సంబంధం వద్దు అన్నారట. వాళ్ళాయన బతికినంతకాలం గొప్పలతోనే సంసారం నడిపారట. ఇంకో గొప్పలరాయుణ్ణి చుట్టంగా భరించే ఓపిక లేదన్నారు."

"మరి మీ నాన్న సంగతి అతను వాళ్ళమ్మకి చెప్పాడా?"

"చెబితే ఆదివారం దాకా ఎందుకొస్తుంది?" అంది. తరవాత గొంతు తగ్గించింది. "నాన్న నోరు నీ బాధ్యత, మామయ్యా."

కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినన్నాళ్ళూ వెనక బెంచీల నోరు మూయించలేకపోయినవాణ్ణి నేను. ఆ సంగతే చెప్పాను.

"అత్త ఎలా చేసేదో నీకు తెలుసుగా," అంది.

తెలుసు. అందుకే ఆదివారం ఉదయం నా కోటు రెండు జేబుల నిండా టాఫీలున్నాయి.

కలుసుకునే చోటు బావగారే నిర్ణయించారు. మామూలుగా ఇంటికి పిలిచి టీ ఇచ్చి పంపేస్తే సరిపోయేది. ఆయనకు సరిపోలేదు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియంలో ఉంది. పాతకాలపు పల్లె, పాతకాలపు సేద్యం ఎలా ఉండేవో జనానికి చూపించడానికి ఊరి బయట ఆరుబయలు మ్యూజియం ఒకటి కట్టారు. నాలుగు దిక్కుల నుంచీ పాత ఇళ్ళను రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి, తెచ్చి ఇక్కడ మళ్ళీ పేర్చారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూలిపోవాల్సిన బావగారి పాత ఇల్లు అలాగే ఇక్కడికి చేరింది. మొన్ననే దాన్ని చూపరుల కోసం తెరిచారు.

"పుట్టిన ఇల్లు మ్యూజియంలో ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు బావగారూ?" అన్నారు ఆయన దారిలో. "రాజులు, మనం."

"మీరు చూశారా, ఎలా పేర్చారో?"

"లేదు. ముందే చూసేస్తే ముఖంలో ఆశ్చర్యం పోతుంది. వాళ్ళతో కలిసే చూడాలి."

నేను ఒక టాఫీ ఇచ్చాను.

అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, మోకాళ్ళ నొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడ మోకాళ్ళు బాగానే ఉంటాయి. మొగుడు మాట్లాడబోతున్నారని తెలిసినప్పుడే నొప్పి పుడుతుంది.

మ్యూజియం గేటు దగ్గర కార్లు నిలిపే మైదానం చాలా విశాలంగా ఉంది. కిందటేడాది దాకా అది సాగులో ఉన్న పొలం. సేద్యం ఎలా ఉండేదో చూపించడానికి సేద్యం జరుగుతున్న నేలే కావలసి వచ్చింది. అక్కడి రైతుల్ని పంపేసి, వాళ్ళలో ఒకాయన్ను రైతు వేషానికి నెలజీతం మీద తీసుకున్నారు. ఆయన స్కూటరు మీద వచ్చి, గదిలోకెళ్ళి బట్టలు మార్చుకుని, చెప్పులు విప్పి, గంటకోసారి ఒక్క చాలు దున్నుతాడు. రోజూ అదే చాలు. రెండో చాలు దున్నితే మొదటిది చెరిగిపోతుందని మ్యూజియం వాళ్ళు ఒప్పుకోరట. ఎద్దులకు కూడా ఆ సంగతి తెలుసు. చివరికి రాగానే వాటంతటవే ఆగి, ఫోటోకు తలెత్తి నిలబడుతున్నాయి.

కోడి కూత స్పీకర్లోంచి వస్తోంది. నిజం కోడి ఒకటి ఉండేదనీ, వేళాపాళా లేకుండా కూస్తోందని చూడవచ్చినవాళ్ళు ఫిర్యాదు చేశారనీ, టికెట్లిచ్చే అమ్మాయి చెప్పింది. నా నెరిసిన జుట్టు చూసి అడక్కుండానే ముసలివాళ్ళ రాయితీ టికెట్టు చింపి, "లోపల నీడగా ఉన్న బెంచీలు ఎడమవైపున్నాయి తాతగారూ," అంది. అలాంటి చిన్న చిన్న దయలు ఈ మధ్య నాకు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

అబ్బాయీ తల్లీ అప్పటికే వచ్చి ఉన్నారు. అబ్బాయి పళ్ళ డాక్టరు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మనిషి ముఖం చూస్తే జ్వరం ఎంతుందో చెప్పగలిగేలా ఉన్నాయి ఆవిడ కళ్ళు.

"రండి రండి చెల్లెమ్మగారూ!" అన్నారు బావగారు, రెండు చేతులూ చాపి.

"ఇంకా అంతదూరం రాలేదు లెండి," అందావిడ, చిరునవ్వుతోనే. "నమస్కారం."

మేనకోడలు నా వైపు చూసింది. నేను జేబులో చెయ్యి పెట్టాను.

కమ్మరి కొలిమి దగ్గర బావగారు, "మా పొలం పనిముట్ల కోసమే ఒక కమ్మరి ఏడాదంతా..." అన్నారు. టాఫీ. బావి దగ్గర, "మా బావిలో నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవంటే పక్కూరి నుంచి..." టాఫీ. ధాన్యం కొట్టు దగ్గర నోరు తెరిచి, ఇంకా ఏమీ అనకముందే టాఫీ. ఆయన అలవాటుగా అందుకుని నములుతున్నారు. ప్రతిసారీ పళ్ళ డాక్టరు ముఖం మాత్రం ఒక్క క్షణం ముడుచుకుంటోంది.

"మామయ్యగారూ," అన్నాడు చివరికి నా చెవి దగ్గర, "ఆయన కింది దవడలో ఎడమవైపు ఒకటి కదులుతోంది. కుడివైపు నమలమనండి."

నాకు ఆ అబ్బాయి చాలా నచ్చాడు.

అతని తల్లి ఇవన్నీ గమనిస్తూనే ఉంది. "మీ బావగారికి తీపి బాగా ఇష్టంలా ఉంది," అంది నాతో.

"మందులాగా వాడుతుంటారండీ," అన్నాను.

"ఎన్ని పూటలు?"

"మాట్లాడాలనిపించినప్పుడల్లా."

ఆవిడ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి కొంచెం కష్టపడినట్టు కనిపించింది.

వీధి చివర, మలుపు తిరగగానే, ఇల్లు కనిపించింది. నేను దాన్ని పెళ్ళయిన కొత్తలో చూశాను. పొట్టి గోడలు, వంగి వెళ్ళాల్సిన వాకిలి, నల్లబడ్డ పెంకులు. మా ఆవిడ పుట్టిన ఇల్లు. రాయి రాయికీ అంకెలు వేసి బాగానే పేర్చారు. వాకిలి పక్కన కుంగిన రాయి కూడా అలాగే కుంగి ఉంది. అంతలో బావగారు వేగంగా ముందుకు నడిచి, వాకిలి పక్కన పాతిన బోర్డుకు వీపు ఆనించి, ఎండ లేకపోయినా గొడుగు విప్పారు.

"ఇదేనండీ!" అన్నారు. ఆశ్చర్యం ముఖం నిండా ఉంది. ఆయన దాచుకున్న ఆశ్చర్యం కాదు, వేరే రకం.

"బోర్డు మీద ఏం రాశారు?" అంది ఆవిడ.

"ఏముంటుంది, మా వంశం గురించి. లోపలికి పదండి."

"కొంచెం గొడుగు దించండి."

"మబ్బేస్తోంది చెల్లెమ్మగారూ..."

ఆవిడ వార్డులో ఎందరు మొండి రోగుల చొక్కాలు విప్పించిందో ఏమో, గొడుగు అంచు పట్టుకుని పక్కకి తిప్పి, స్పష్టంగా, అందరికీ వినపడేలా చదివింది.

"పశువుల కొట్టం. సంపన్న రైతు కుటుంబానికి చెందినది. గోడ పొడవునా ఆరు రాతి తొట్లను, కట్టుకొయ్యలకు ఉన్న ఇనుప కడియాలను గమనించండి. మనుషులు నివసించిన ఆనవాళ్ళు లేవు."

స్పీకర్లో కోడి కూసింది.

ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. మ్యూజియం వాళ్ళు ఇల్లు చూడడానికి వస్తున్నారని తెలిసిన వారంలో బావగారికి ఒక భయం పట్టుకుంది. ఇల్లు చూస్తే బీదవాళ్ళదని అనుకుంటారు. గొప్ప రైతు గొప్పతనం పశువుల్లో తెలుస్తుంది కాబట్టి, ఊళ్ళో ఎవరి పెరట్లో పనికిరాని తొట్టి ఉన్నా బండి మీద వేయించుకొచ్చి, ఉన్న ఒక్క తొట్టి పక్కన ఐదు పెట్టించారు. కొయ్యలు పాతించారు, కడియాలు దిగ్గొట్టించారు. మా ఆవిడ అప్పుడు అక్కడే ఉంది. "అన్నయ్యా, మనకున్నది ఒక్క ఆవు. దానికీ ఒంటి కొమ్ము," అంటే, "నువ్వూరుకో, చరిత్ర నీకేం తెలుసు," అన్నారట. ఇంటికొచ్చి నాకు చెబుతూ ఆవిడ ఎంత నవ్విందంటే, కళ్ళు తుడుచుకోవడానికి నా తువ్వాలు తీసుకుంది. గొప్ప కోసం తెచ్చిన తొట్లు చివరికి ఇంటినే మింగేశాయి.

లోపలికి వెళ్ళాం. తొట్ల ముందు బూడిద రంగు వేసిన ఫైబర్ ఎద్దులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని తోక విరిగింది. ఎక్కడి నుంచో నెమరు వేస్తున్న చప్పుడు వస్తోంది, అదీ రికార్డే. వెనక గోడకు మాత్రం పొయ్యి ఉన్న చోట మసి అలాగే ఉంది.

మ్యూజియం క్యూరేటరు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో మైకు, ముఖంలో పెళ్ళివారి హడావిడి.

"ఇల్లు ఇచ్చిన పెద్దమనిషి మీరేనా సార్! సారీ, కొట్టం ఇచ్చిన పెద్దమనిషి. ఎంత అరుదైనదో తెలుసా సార్ ఇది? ఇంత చిన్న జాగాలో ఆరు తొట్లు ఇంకెక్కడా దొరకలేదు. దీని మీద నేను మూడు సభల్లో మాట్లాడాను. 'ఆరు తొట్ల పద్ధతి' అని నేనే పేరు పెట్టాను."

"మనుషులు ఉండలేదని ఎలా చెప్పగలరు?" అంది మేనకోడలు. అత్త చెప్పిన కథలన్నీ తనకు తెలుసు.

"కొలిచాం మేడమ్. తొట్లు, పశువులు పోగా మిగిలిన చోట ఒక మనిషి కాళ్ళు చాపుకోవడానికి కూడా లేదు. ఒక్కటే అనుమానం మిగిలింది, ఆ మసి. పశువుల కొట్టంలో పొయ్యి ఎందుకు?" అని బావగారి వైపు తిరిగాడు. "అది మీరే తేల్చాలి సార్."

బావగారు కుడితిలో పడ్డ ఎలుకలా అందరి ముఖాలూ చూశారు. నాకు ఆయన అవస్థ తెలుస్తోంది. ఇది ఇల్లే అనాలంటే ఐదు తొట్లు అరువు తెచ్చినవని చెప్పాలి. తొట్లు మావే అనాలంటే తాను కొట్టంలో పుట్టానని ఒప్పుకోవాలి. నేను జేబులో చెయ్యి పెట్టాను. కాగితాలు తగిలాయి. టాఫీలు అయిపోయాయి.

మేనకోడలు తండ్రి వైపే చూస్తోంది. "నాన్నా," అంది. అంతే.

బావగారు గొంతు సవరించుకున్నారు.

"అవును, ఇది మా కొట్టమే," అన్నారు. ఆ తరవాత వరద గేట్లు ఎత్తేశారు. "కొట్టమే ఇంత ఉంటే ఇల్లెంతో మీరే ఊహించుకోండి! అదిగో, ఆ ఎదురుగా మేడ కనిపిస్తోందే, అలాంటిదే, కాకపోతే ఇంకొంచెం ఎత్తు. అది కూలిపోయింది. ఈ పొయ్యి సంగతంటారా, పశువులకు దాణా ఉడకబెట్టడానికి. మా పశువులు పచ్చి దాణా ముట్టేవి కాదు."

"అద్భుతం!" అన్నాడు క్యూరేటరు. "అనుమానం తీరిపోయింది!"

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే, బావగారు ఒక మెట్టు దాటి, తాను పుట్టిన ఇంటి పొయ్యి దగ్గర నిలబడి అది ఎద్దుల వంటిల్లన్నారు. మేనకోడలు తల దించుకుంది. డాక్టరు ఆమె వైపు ఒక అడుగు వేసి, తల్లిని చూసి, అక్కడే ఆగాడు.

ఆవిడ మాత్రం విరిగిన తోక ఎద్దు వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"తొట్టికి జత చొప్పున, పన్నెండు ఎద్దులన్నమాట," అంది.

"పన్నెండు. ఒక్కోసారి ఎక్కువే."

"పేర్లు?"

"ఏంటండీ?"

"ఎద్దుల పేర్లు. ఇంట్లో పుట్టి పెరిగిన పశువుకి పేరు పెట్టనివాళ్ళుంటారా? చెప్పండి, వింటాను. నాకు పశువులంటే ఇష్టం."

"ఆ... పేర్లు. ఎందుకు లేవు?" అన్నారు బావగారు. "నల్లోడు. తెల్లోడు."

"రెండు."

"మచ్చలోడు. పొట్టోడు. పొడుగోడు."

"ఊ."

బావగారి కళ్ళు సాయం కోసం గదంతా తిరిగాయి. ముందు నా మీద ఆగాయి. "మాస్టారు," అన్నారు. తరవాత అబ్బాయి మీద ఆగాయి. "డాక్టరు."

"పళ్ళ డాక్టరా?" అంది ఆవిడ.

డాక్టరు నేల వైపు చూశాడు. క్యూరేటరు మాత్రం శ్రద్ధగా సెల్‌ఫోన్‌లో ఎక్కించుకుంటున్నాడు.

"ఇంకా?"

"ఇంకా..." బావగారి నుదుటి మీద చెమట పట్టింది. మైకు వైపు చూశారు, తోక లేని ఎద్దు వైపు చూశారు, మసిగోడ వైపు చూశారు. "ఒంటికొమ్ము," అన్నారు.

ఆ పేరు మిగతా వాటిలా రాలేదు. ఆయన దాన్ని వెతుక్కోలేదు. అదే వచ్చింది.

"ఎద్దా?"

"ఆవు," అన్నారు. "రెండో కొమ్ము ఎలా పోయిందో మాకు తెలీదు. అలాగే తెచ్చారు నాన్న. విరిగిందని చవగ్గా వచ్చింది," అన్నారు. గొంతు మారిపోయింది. నాకు ఆ గొంతు తెలీదు. "అదిగో, అక్కడ కట్టేసేవాళ్ళం. ఇక్కడ అమ్మ పొయ్యి. మధ్యలో మేం. చలికాలం నాన్న తలుపు సందుల్లో గడ్డి కూరేవారు. అయినా చలి. మా చెల్లెలు దాని పొట్టకి వీపు ఆనించి పడుకునేది. అలా ఆనించకపోతే నిద్ర పట్టేది కాదు దానికి. ఆవు కూడా అంతే, చెల్లెలు వచ్చి పడుకునేదాకా కూర్చునేది కాదు. నిలబడే ఉండేది."

నెమరు చప్పుడు ఒక్కటే వినిపించింది.

మా పెళ్ళయిన నాటి నుంచీ మా ఆవిడ నాకు వీపు ఆనించే పడుకుంది. చలికాలమే కాదు, ఎండాకాలంలో ఫ్యాను ఆగిపోయినప్పుడు కూడా. అది నా మీద ఉన్న ప్రత్యేకమైన అభిమానం అనుకుని, ఇన్నేళ్ళూ లోలోపల కొంచెం గర్వపడ్డాను. ఒక ఒంటికొమ్ము ఆవు చేసిన పని నాకు వచ్చిందని ఇప్పుడు తెలిసింది. గొప్పలు చెప్పుకునేది బావగారొక్కరే కాదన్నమాట. నవ్వు వచ్చింది. మా ఆవిడ ఉంటే తువ్వాలు అడిగేది.

"మరి ఈ తొట్లు?" అంది నర్సమ్మగారు. చాలా మెత్తగా అడిగింది.

"ఒకటి మాది," అన్నారు బావగారు. "మిగతావి ఊళ్ళోవాళ్ళవి. తెచ్చి పెట్టాను. మేడ కూడా లేదండీ. ఉన్నది ఇదే." కూతురి వైపు చూశారు. "ఇదేనమ్మా."

క్యూరేటరు ముఖం పాలిపోయింది. చేతిలో మైకు దించేశాడు. కాసేపటికి తేరుకుని, తలాడించి, పాఠం చెప్పేవాడిలా మాట్లాడాడు.

"సార్, మీ భావోద్వేగం నాకు అర్థమవుతోంది. కానీ మనిషి జ్ఞాపకం ఆధారం కాదు. తొట్లు ఆధారం."

"ఆ తొట్లు పెట్టింది నేనే కదయ్యా!"

"అది మీరంటున్న మాట. తొట్లు అలా అనడం లేదు."

"నేను ఇక్కడే పుట్టాను!"

"కొలతలు ఒప్పుకోవు సార్," అన్నాడు, జాలిగా. పాపం, మూడు సభల్లో మాట్లాడినవాడు. పైగా వచ్చే నెల నాలుగోది ఉందట. తన మాట నమ్మించడానికి ఎన్నడూ ఇబ్బంది పడని బావగారు, బతుకులో మొదటిసారి నిజం చెప్పి నమ్మించలేక నిలబడిపోయారు. బోర్డు మారదని తేల్చి చెప్పి, ఇంకో గుంపు పిలుస్తోందని క్యూరేటరు వెళ్ళిపోయాడు. నర్సమ్మగారు వాకిలి దగ్గర వంగి బయటికి నడిచింది. ఆమె వెనకే అబ్బాయి, అమ్మాయి. చివరగా బావగారు, గొడుగు ముడిచి.

నేను ఒక్కణ్ణే కాసేపు ఆగాను. పొయ్యికీ తోక లేని ఎద్దుకీ మధ్య కూర్చోకూడదని గొలుసు కట్టి ఉంది. కాపలా ఉన్నతను నన్ను చూశాడు, ఆ తరవాత వాకిలి బయట ఏదో చాలా ముఖ్యమైన పని ఉన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. గొలుసు దాటి, కూర్చుని, గోడకి వీపు ఆనించాను. చల్లగా ఉంది. ఆవు ఉండగా ఎవరైనా గోడకెందుకు ఆనుకుంటారు?

బయటికి వచ్చేసరికి అందరూ గేటు దగ్గర బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మేనకోడలి వేళ్ళు చీర కొంగు అంచును మడతలు పెడుతున్నాయి, విప్పుతున్నాయి. బావగారు తన చెప్పుల వంక చూసుకుంటున్నారు. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"బావగారూ," అన్నారు గొణుగుతూ, "టాఫీలున్నాయా?"

"అయిపోయాయండీ."

"కొంచెం ముందే అయిపోయాయి."

ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"మా ఆయన కూడా గొప్పలు చెప్పేవారు," అంది, ఎవరినీ ఉద్దేశించకుండా. "ఆయన్ని పట్టుకోవడానికి పేర్లే అడిగేదాన్ని. ఫలానా పెద్దాయన మా స్నేహితుడు అంటే, ఆయన పిల్లల పేర్లేంటి అనేదాన్ని. అన్నీ కల్పించి చెప్పేసేవారు. తడుముకునేవారు కాదు. ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారి కూడా ఒంటికొమ్ము దాకా రాలేదు."



"మా ఇంట్లోనూ ఆవు ఉండేది," అందావిడ. "మాది రెండు కొమ్ములది."

బావగారు తలెత్తారు. రెండు కొమ్ముల మాట వినగానే ఆయన కళ్ళలోకి పాత వెలుగు రావడం నేను చూశాను. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"రెండు కొమ్ములేం గొప్ప లెండి!" అన్నారు ఆయన, నిటారుగా కూర్చుని. "మా ఒంటికొమ్ము ఆ ఒక్క కొమ్ముతోనే ఒకసారి చిరుతపులిని..."

మేనకోడలు కళ్ళు మూసుకుంది.

ఆవిడ తాపీగా హ్యాండ్‌బ్యాగు తెరిచి, లోపల వెతికి, పిప్పరమెంటు బిళ్ళ ఒకటి తీసింది. కాగితం విప్పి, బావగారి ముఖం ముందు పట్టుకుంది, ఆస్పత్రిలో మాత్ర పట్టుకున్నట్టు.

"నోరు తెరవండి అన్నయ్యగారూ," అంది.

బావగారు తెరిచారు. మేనకోడలు కళ్ళు తెరిచి ముందు నన్ను చూసింది, తరవాత ఆవిడను చూసింది. ఆ పిలుపు నిజంగానే విన్నానా అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. నేను తలూపాను.

"కుడివైపు," అన్నాడు డాక్టరు.